కమాను పట్టీలతో నన్ను కొలిచిన మేస్త్రి

మా కారు మేస్త్రి పోయిన సోమవారం చనిపోయాడు. బుధవారం దాకా నాకా సంగతి తెలియలేదు. ఎమ్మిగనూరులో బడి వదిలాక గేటు దగ్గర సోడా బండి ఆయన, మీ కారు మేస్త్రి పోయినాడంట గదా టీచరమ్మా అని మామూలుగా అన్నాడు. ఆయనకది ఆదోని నుంచి వచ్చిన ఒక కబురు. నాకు మాత్రం కాదు. మా ఆయన కారు తీసుకుని వచ్చేదాకా ఆ గేటు పక్కనే నిలబడిపోయాను. ఆ మధ్యలో ఎవరెవరు పలకరించారో, నేనేం జవాబిచ్చానో గుర్తు లేదు.

కారు మేస్త్రి పోతే ఇంత బాధేమిటని మీరు అనుకోవచ్చు. అది చెప్పాలంటే ముందు నా కాలి సంగతి చెప్పాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు చచ్చుబడింది. కుడికాలి కంటే రెండు వేళ్ళ మందం పొట్టి. ఎడమ చెప్పుకు ఎత్తు అడుగు వేయించుకుని నడుస్తాను. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు, జాలిపడాల్సింది అంతకంటే లేదు. ఎవరైనా అయ్యో పాపం అన్నారో, నాకు ఒళ్ళు మండిపోతుంది. అనుమానముంటే మా బడి పిల్లల్నడగండి.

మా ఇల్లు ఆదోనిలో, మా ఇద్దరి ఉద్యోగాలూ ఎమ్మిగనూరులో. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా, నేను ఆడపిల్లల బడిలో సైన్సు టీచరును. మొదట్లో బస్సులో తిరిగేదాన్ని. ఒకరోజు బస్సు మెట్టు మీది నుంచి సంతకొచ్చిన జనమందరి ముందూ వెల్లకిలా పడ్డాను. ఆ నెలలోనే నా గాజుల్లో రెండు అమ్మి, కోసిగిలో ఒకాయన దగ్గర పాత అంబాసిడర్ కొన్నాం. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు సంగతి ఇది.

కొన్నాక తెలిసింది అసలు చిక్కు. ఆ కోసిగి ఆయన అందులో వేరుశనక్కాయ బస్తాలు మోసేవాడట, పెళ్ళివాళ్ళను పదేసి మందిని కుక్కేవాడట. దాంతో అది నేలకు మూరెడు ఎత్తున నిలబడి ఉండేది. సీటు నా నడుము దాకా వచ్చేది. పొద్దున ఇంటి దగ్గర మా ఆయన చంకల కింద చేతులు వేసి నన్ను ఎత్తి కూర్చోబెట్టేవాడు. సాయంత్రం బడి దగ్గర ఆయనకు తోడు ఆయా కూడా ఒక చెయ్యి వేసేది. గేటు దగ్గర అంతవరకూ గోల చేస్తున్న పిల్లలు నన్ను ఎత్తేటప్పుడు ఒక్కసారిగా నోళ్ళు మూసుకునేవాళ్ళు. బస్సు మెట్టు మీది నుంచి పడ్డప్పుడు కూడా నాకంత సిగ్గు వెయ్యలేదు.

వేసవి సెలవులిచ్చిన రోజే రాజీనామా ఉత్తరం రాసి మా ఆయన చేతికిచ్చాను. బడి తెరిచేలోపు నా అంతట నేను ఈ కారెక్కగలిగితే సరే, లేకపోతే ఆ ఉత్తరం హెడ్మాస్టరుకు ఇచ్చెయ్యమన్నాను. బెదిరింపనుకోకండి. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. కానీ రోజుకు రెండుసార్లు మూటలాగా ఎత్తించుకుని, ఆ వెంటనే పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం నా వల్ల కాలేదు.

అట్లా చేరాం మేస్త్రి షెడ్డుకు. దేవనకొండ పక్క నుంచి పని వెతుక్కుంటూ ఆదోనికొచ్చి, అక్కడే తల నెరిసిన మనిషి. మా వైపు కారు ఎత్తు పెంచమని వచ్చేవాళ్ళే గాని దించమని వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. వెనక చక్రాల మీద కమాన్లుంటాయి కదా, ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కట్టలు. బరువులు మోయాలంటే వాటిలో ఇంకో రెండు పట్టీలు దూర్చడం అందరికీ తెలిసిన విద్య. దించమనేసరికి పక్కనున్నవాళ్ళు మొహాలు చూసుకున్నారు. మేస్త్రి మాత్రం బీడీ ఆర్పేసి, ఎవరో కొత్త మిఠాయి తెచ్చిపెట్టినంత సంబరంగా దగ్గరికొచ్చి, ఎందుకు దించాలని అడిగాడు. నేనెక్కలేక, అని కటువుగా చెప్పాను. ఆయన నా కాలి వైపు చూడలేదు. ఎంత దించాలని అడిగాడు. నాకు తెలియదన్నాను.

"సైన్సు సెప్పే టీచరమ్మవు, ఎంతో తెలీకుండానే వచ్చినావా?" అన్నాడు నవ్వుతూ.

ఇంకెవరైనా ఆ మాట అనుంటే ఊరుకునేదాన్ని కాదు. కానీ అందులో ఎగతాళి లేదు. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. విరిగిన పాత కమాను పట్టీలు ఒక మూల గుట్టగా పడి ఉంటే, వాటిని తెచ్చి నా పక్కన కారు సీటంత ఎత్తు దాకా పేర్చి, పైన ఒక పలక వేశాడు. కూర్చోమన్నాడు. అందలేదు. రెండు పట్టీలు తీశాడు. మళ్ళీ అందలేదు. మళ్ళీ తీశాడు. అట్లా ఒక్కో పట్టీ తీసుకుంటూ, కూసో తల్లీ, లెయ్యి తల్లీ అంటూ పూటంతా గడిపాడు. ఒకచోట నేను ఎవరినీ, దేనినీ పట్టుకోకుండా హాయిగా కూర్చున్నాను, హాయిగా లేచాను. అప్పుడు తీసిన పట్టీలన్నీ పక్కన పేర్చి వేళ్ళతో కొలిస్తే నాలుగు వేళ్ళొచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా డాక్టర్లు నా కాలు కొలిచారు. నాకేం కావాలో కొలిచినవాడు ఆయనొక్కడే.

ఎంతో తేలింది. ఇక ఎట్లా అన్నది మిగిలింది. కొత్త కమాన్లు బళ్ళారిలో దొరుకుతాయన్నారు గాని, వాటి ధర నా రెండు నెలల జీతం. మిగిలిన రెండు గాజులూ అమ్ముదామన్నాను. మేస్త్రి చెవిన వేసుకోలేదు. పక్క షెడ్డు ఆయన వచ్చి, గ్యాసు మంటతో కమాన్లు ఎర్రగా కాలిస్తే అవే కుంగిపోతాయి, ఒక పూట పని, ఖర్చు కూడా లేదన్నాడు. నాకది బ్రహ్మాండంగా నచ్చింది. మేస్త్రి ఒకే పొడవున్న రెండు పాత పట్టీలు తీసి, ఒకదాన్ని పక్కనే ఉన్న కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్పించి చల్లారబెట్టాడు. మర్నాడు నన్ను రమ్మని, రెండింటినీ బల్లకు బిగించి, రెంటి కొసలకూ సమానమైన బరువులు వేలాడదీశాడు. రెండూ వంగాయి. బరువులు తీశాడు. కాల్చని పట్టీ టక్కున పైకి లేచి తన చోటికి తాను వచ్చింది. కాల్చింది వంగింది వంగినట్టే ఉండిపోయింది.

"మంట పెడితే అది కమానన్న సంగతి మరిసిపోతాదమ్మా," అన్నాడు.

స్థితిస్థాపకత అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసుంటానో లెక్క లేదు. ఆ మాటకర్థం కళ్ళతో చూసింది ఆ రోజే. ఆ రెండు పట్టీలనూ ఇప్పించమని అడిగి తెచ్చుకున్నాను. ఇవాళ్టికీ మా బడి సైన్సు గదిలో ఉన్నాయి.

మేస్త్రి చివరికి ఎంచుకున్న దారి అన్నిటికంటే చవక. కోసిగి ఆయన దూర్పించిన రెండేసి పట్టీలు తీసెయ్యడం, మిగిలిన వాటిని కాల్చకుండా చల్లగానే దిమ్మ మీద పెట్టి సుత్తితో కొట్టి వంపు తగ్గించడం. ముందు చక్రాలకు కమాన్లుండవు, పొడవాటి ఉక్కు కడ్డీలుంటాయి. వాటి కొసలకు పళ్ళుంటాయి. ఊడదీసి ఒకటి రెండు పళ్ళు తిప్పి మళ్ళీ బిగిస్తే ముందు భాగమూ కిందికి దిగుతుంది, కొత్త సామాను అక్కర్లేదు. అయితే స్పానరు పట్టుకునే ముందు ఇంకో ప్రశ్న ఉందన్నాడు. మనం దించుతాం సరే, దారి ఒప్పుకుంటుందా అని.

ఆ ప్రశ్నకు జవాబు కోసం నల్లరేగడి మన్ను తడిపి, ఐదేసి వేళ్ళ పొడవు ముద్దలు చేసి, కారు అడుగున సైలెన్సరుకు, ఇంజను కిందా అంటించాడు. తానూ వెనక సీట్లో కూర్చున్నాడు. ముగ్గురం ఎమ్మిగనూరుకు పోయి వచ్చాం. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. దారి పొడుగునా ఆయన కళ్ళు మూసుకుని కారు చప్పుడు వింటున్నాడు. నిద్రపోయాడేమో అనుకుంటే, రోడ్డుకు అడ్డంగా కట్టిన ఒక మోరీ ఎత్తు దాటగానే కళ్ళు తెరవకుండానే, ఈడ తగిలింది అన్నాడు. ఇంటికొచ్చి కారు కిందికి దూరి చూస్తే సైలెన్సరు కింది ముద్ద ఒక వేలు మేర గీరుకుపోయి, నాలుగు వేళ్ళు మిగిలింది. నాలుగు వేళ్ళ దాకా దించొచ్చన్నమాట, అందులో ఒకటి జాగ్రత్త కోసం వదిలేసి, మూడు వేళ్ళు మాత్రం దించుతానన్నాడు. నాలుగో వేలు సీటు కింది చెక్కలు తీసేస్తే వస్తుందట. నేనెప్పుడూ పాఠం చెప్పడానికి ముందు పుస్తకం చూసేదాన్ని. ఈయన ప్రతిదానికీ వస్తువునే అడిగి తెలుసుకునేవాడు.

కమ్మరి, మేస్త్రి కలిసి నాలుగు రోజులు ఆ పట్టీలను కొట్టారు. ఒక దెబ్బ వేయడం, నేల మీద గీసుకున్న సుద్దముక్క గీతకు పట్టీని ఆనించి చూడడం, మళ్ళీ ఒక దెబ్బ. బిగించాక షెడ్డులో ఉన్న మనుషులందరినీ వెనక సీట్లో కూర్చోబెట్టి, చక్రం ఎక్కడైనా రాసుకుంటుందేమో వంగి చూశాడు. తర్వాత నన్నెక్కమన్నాడు. సీటుకు వీపు పెట్టి కూర్చున్నాను, చేత్తో ఎడమ కాలు లోపలికి తీసుకున్నాను, అంతే. ఆ నిమిషాన నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా ఆయన జేబులోంచి ఉత్తరం తీసి చింపబోతే, నేనే ఆపాను. బడి తెరిచిన రోజు చింపుదువులే అన్నాను. నా నోటి వాక్కు ఎంత మంచిదో చూడండి.

బడి తెరిచే రోజు రానే వచ్చింది. మా ఆయన పొద్దున్నే కారు కడిగి, పని జరిగేటప్పుడు తీసి పెట్టిన మంత్రాలయం స్వామి పటాన్ని మళ్ళీ స్టీరింగు ముందు పెట్టి, పూలు కూడా పెట్టాడు. నేను తలుపు తీశాను. సీటుకు వీపు పెట్టాను. కూర్చోబోతే అంచు తొడ కింద తగిలి ముందుకు జారాను. మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ జారాను. మూడోసారి తలుపు పట్టుకుని వేలాడాను. మా వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా మాటలు ఆపి చూస్తున్నారు. మా ఆయన అలవాటుగా రెండు చేతులూ చాచాడు. ఆ చేతులను విదిలించి కొట్టి, లోపలికి పోయి మంచం మీద కూలబడ్డాను. ఆ ఉత్తరం ఇచ్చిరా పో అన్నాను. ఆయన వెళ్ళాడు. నా బడి, నా పిల్లలు, ఆ సైన్సు గది, అన్నీ అయిపోయాయని ఏడ్చాను.

ఆయన వెళ్ళింది ఎమ్మిగనూరుకు కాదు, మేస్త్రి దగ్గరికి. అరగంటలో మేస్త్రి సైకిలు మీద వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, ఒక్కసారి ఎక్కి చూపించమన్నాడు, చూడకపోతే తనకు తెలియదన్నాడు. నాకు ఇష్టం లేదు. అయినా లేచి వెళ్ళి, వీధంతా చూస్తుండగా నాలుగోసారి ఎక్కబోయి నాలుగోసారి జారాను. మేస్త్రి సీటు చూడలేదు, చక్రం చూడలేదు. నేల చూశాడు.

"సెప్పులెందుకు ఇడిసినావు తల్లీ?"

"పటముండే బండిలోకి సెప్పులతో ఎట్ల ఎక్కుతామప్పా?" అన్నాను.

అన్నాక గాని నాకే తట్టలేదు. మాది మంత్రాలయం దగ్గర గుడి సేవ చేసే కుటుంబం. దేవుడి పటమున్న చోట చెప్పులు విడవడం అంటే నాకు ఊపిరి పీల్చడం. షెడ్డులో పటం లేదు, కింద ఇనుప రజను, నూనె. అక్కడ ఎవరం చెప్పులు విడుస్తాం? కమాను పట్టీల మీద కూర్చోబెట్టి కొలిచినప్పుడూ, పని అయ్యాక ఎక్కించి చూసినప్పుడూ నా కాళ్ళకు చెప్పులున్నాయి. అవి లేకపోతే కుడికాలు ఒక వేలు తగ్గుతుంది, ఎడమకాలు నేలకందనే అందదు. నేలను, దారిని, ఉక్కును ఇన్ని పరీక్షలు పెట్టిన ముగ్గురం ఈ ముక్క మరిచిపోయాం.

మా ఆయన, ఇకనుంచి చెప్పులేసుకునే ఎక్కు, దేవుడేం అనుకోడు అన్నాడు. నేనూ ఊఁ అనేదాన్నే, అంత విసిగిపోయి ఉన్నాను. మేస్త్రే ఒప్పుకోలేదు.

"వద్దు సార్. తప్పు నాది. కాలు కొలిసినా గాని, అలవాటు కొలవలేదు."

నమాజు చేసుకునే మనిషి, నా పటం ముందు నా పట్టింపు నిలబెట్టాలనుకున్నాడు. కారును ఇంక దించితే మోరీ ఊరుకోదు కాబట్టి సీటు ఊడదీసి, సైకిలు వెనక కట్టుకుని తీసుకుపోయాడు. మా ఆయన బస్సులో బడికి పోయి నాకొక రోజు సెలవు చెప్పి వచ్చాడు. సాయంత్రానికి సీటు తిరిగొచ్చింది. లోపలి స్ప్రింగులన్నీ తీసేసి, మంచానికి అల్లినట్టు నవారు బిగించి అల్లించాడు. రెండు వేళ్ళు కిందికి దిగింది. కమాన్లు ఇప్పుడు మెత్తగా ఉన్నాయి, కాబట్టి సీటు గట్టిగా ఉన్నా నడుము నొప్పి పుట్టదని చెప్పాడు. మర్నాడు పొద్దున చెప్పులు విడిచి, చేత్తో తీసి లోపల పెట్టుకుని, నా అంతట నేను ఎక్కాను. ఆ ఉత్తరం మా ఆయన చొక్కా జేబులో ఉండగానే చాకలికి పోయి, ఉతికి ముద్దయి తిరిగొచ్చింది.

అప్పటి నుంచి పదేళ్ళు ఆ కారు మేస్త్రి చేతుల మీదే నడిచింది. ఎప్పుడు వెళ్ళినా, బండి ఏమంటాంది అని అడిగేవాడు. బాగుందంటే ఆయనకు తృప్తి ఉండేది కాదు. ఎక్కడ కిర్రుమంటుంది, ఏ పక్కకు లాగుతుంది, ఎండలోనా వానలోనా అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. తలప్రాణం తోకకొచ్చేది. తన అనుమానాలు కూడా నాకోసం దాచిపెట్టేవాడు. ఇనుము కాలిస్తే ఎందుకు మరిచిపోతుంది, రేగడి ఎండితే ఎందుకు పగులుతుంది అని. చాలావాటికి నాకు జవాబులు తెలియవు. తెలియదని చెబితే ఆయనకు ఇంకా సంతోషం. ఒకసారి మా తరగతికి పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బిగుసుకుపోయి నిలబడ్డాడు. పిల్లలు ప్రశ్నలు మొదలుపెట్టాక గంట కొట్టినా కదల్లేదు.

పోయిన చలికాలం నుంచి ఆయాసంతో షెడ్డుకు రావడం లేదని విన్నాను. చూసి రావాలి, చూసి రావాలి అనుకుంటూనే పరీక్ష పేపర్లలో పడి వెళ్ళలేదు. ఆ తప్పుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఆ బుధవారమే ఆయన కోసం మూడో రోజు ఫాతిహా చదువుతారని తెలిసి, బడి నుంచి నేరుగా వెళ్ళాం. షెడ్డు వెనకే ఆయన ఇల్లు. లోపల ఆయన భార్య పక్కన కాసేపు కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, నీ బండి గురించి అప్పుడప్పుడు సెప్తాండె అంది. బయటికి వచ్చేసరికి సందు నిండా మనుషులు. షెడ్డు పనివాళ్ళు, కమ్మరి, చుట్టుపక్కలవాళ్ళు. నేను కారు తలుపు తీసి, చెప్పులు విడిచి, సీటుకు వీపు పెట్టి కూర్చుని, ఎడమ కాలు లోపలికి తీసుకుని తలెత్తాను.

అందరి వీపులూ నా వైపున్నాయి. ఒకడు తలుపుకు వేలాడే పాత టైరును చూస్తున్నాడు, ఒకడు తన చేతులు చూసుకుంటున్నాడు, మిగిలినవాళ్ళు వట్టి గోడను చూస్తున్నారు. ఆ పక్కన ఏమైనా జరిగిందేమోననుకుని, దగ్గర్లో నిలబడ్డ మేస్త్రి పెద్దకొడుకును ఏమైందప్పా అని అడిగాను. అతను కూడా వెనక్కి తిరక్కుండానే, ఎక్కినావా అమ్మా అన్నాడు. ఎక్కినాను అన్నాక తిరిగాడు.

"మా నాయన సెప్పినాడు. మీ ఇంటికాడి నుంచి సీటెత్తుకోనొచ్చిన దినమే. టీచరమ్మ బండెక్కేటప్పుడు ఈడ ఎవురూ సూడగూడదని."

పదేళ్ళు. ఆ షెడ్డుకు ఎన్నిసార్లు వచ్చానో, ఎన్నిసార్లు ఎక్కి దిగానో. ఒక్కసారీ గమనించలేదు. ఎక్కేటప్పుడు నా చూపంతా నా కాలి మీదే ఉండేది.

తలుపు వేసుకున్నాను. ఒక్కొక్కరే ఇటు తిరిగి చేతులెత్తి దండం పెట్టారు. కారు కదిలాక వెనక్కి తిరిగి చూశాను. సుత్తి మోతకు కమ్మరి చెవులు ఎప్పుడో పోయాయి. తలుపు చప్పుడు గాని, కారు చప్పుడు గాని ఆయనకు వినపడలేదు. మేము సందు చివర మలుపు తిరిగేదాకా ఆయన ఒక్కడే, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ వైపే నిలబడి ఉన్నాడు, నేనింకా ఎక్కలేదనుకుని.